పేరు రాసుకుని వెళ్లినవాళ్లు మళ్లీ రావాలి



పల్నాడులో మాచర్ల నుంచి వెల్దుర్తి వైపు వెళ్లినవాళ్లకు ఆ నేల తీరు వేరే చెప్పక్కర్లేదు. పడమటి దిక్కున నల్లమల, అడవికి ఆవల లోయలో కృష్ణ. ఇవతల అంతా మెట్ట. వాన కురిస్తే కంది, పత్తి. బోరు పోస్తే కాస్త మిర్చి. తాగే నీళ్లలో ఫ్లోరైడు. నాగార్జునసాగర్ కుడి కాలువ మన విజయపురి సౌత్‌లోనే మొదలవుతుంది. 1967 ఆగస్టు 4న కాలువలకు నీళ్లు వదిలారు. ఆ తర్వాత గురజాల, నరసరావుపేట పొలాల రాత మారింది. వెల్దుర్తి, బొల్లాపల్లి మెట్టలకు మాత్రం కాలువ అందలేదు. కృష్ణ అంత దగ్గర్లో ఉండి కూడా తాగునీటికి ఎదురుచూసే ఊళ్లవి.

ఆ ఎదురుచూపులోంచి వచ్చిందే వరికపూడిశెల ఎత్తిపోతల పథకం. దశాబ్దాల నాటి కోరిక. 2023 నవంబరు 15న మాచర్లలో శంకుస్థాపన జరిగింది. మొదటి దశ అంచనా 340 కోట్ల రూపాయలు. వెల్దుర్తి మండలంలో 24,900 ఎకరాలకు సాగునీరు, 20 వేల మందికి తాగునీరు అన్నారు. ఇన్నేళ్లు ఆలస్యం కావడానికి పెద్ద కారణం ఒకటుంది. గొట్టాలు పోవాల్సిన దారి నాగార్జునసాగర్-శ్రీశైలం టైగర్ రిజర్వులో ఉంది. వన్యప్రాణి అనుమతి కావాలి, అటవీ అనుమతి కావాలి. ఆ రెండూ 2023లోనే వచ్చాయి.

ఈ ఒక్క దారి మీద ఎన్ని శాఖల చూపు పడాలో ఆలోచించండి. జలవనరుల శాఖ ఆయకట్టు చూస్తుంది. అటవీ శాఖ చెట్లూ జంతువులూ చూస్తుంది. బావుల మట్టం భూగర్భ జలశాఖది, ఫ్లోరైడు గ్రామీణ నీటి సరఫరా శాఖది, పట్టాలు రెవెన్యూది, చెంచు గూడేలూ సుగాలి తండాలూ గిరిజన సంక్షేమ శాఖవి. ప్రతి ఫైలులోనూ మనుషుల గురించి కొన్ని పేజీలుంటాయి. ఆ పేజీలు రాసే మనిషి గురించి ఇవాళ మాట్లాడదలచుకున్నాను. అడవికీ నీటికీ సంబంధించిన సంస్థల్లో ఉద్యోగం చేస్తూ, ఆ అడవి మధ్యా ఆ నీటి పక్కనా బతికే మనుషుల సంగతి తెలుసుకోవడమే పనిగా పెట్టుకున్నవాళ్లు వాళ్లు. సామాజిక పరిశోధకులు. వీళ్లు ఒకరితో ఒకరు కలిసి పనిచేయనంత కాలం పల్నాడులో అడవికీ న్యాయం జరగదు, అడవిని నమ్ముకున్నవాళ్లకూ జరగదు. ఇది నా గట్టి నమ్మకం.

ఇలాంటి ఉద్యోగం ప్రపంచంలోనే పాతది కాదు. 1974లో ప్రపంచ బ్యాంకు మైకేల్ సెర్నియా అనే రుమేనియా సమాజశాస్త్రవేత్తను చేర్చుకుంది. ఆనకట్టలకూ రహదారులకూ అప్పులిచ్చే అంత పెద్ద సంస్థలో సమాజశాస్త్రవేత్తగా ఉద్యోగంలో చేరిన మొదటి మనిషి ఆయనే. చుట్టూ ఆర్థికవేత్తలు, ఇంజనీర్లు. ఆనకట్ట కడితే ఊళ్లు లేచిపోతాయి కదా, ఆ జనం సంగతేమిటి అన్న ప్రశ్నను ఆయన అక్కడ వదలకుండా అడిగారు. 1980లో ఆ బ్యాంకు నిర్వాసితుల కోసం మొదటిసారిగా ఒక విధానం రాసుకుంది.

ఆ ప్రశ్న అడిగే మనిషి లేని కాలంలో మన సాగర్ కట్టారు. 1955 డిసెంబరు 10న పునాదిరాయి పడింది. నాగార్జునకొండ లోయ మునిగిపోతుందని ముందే తెలుసు. 1954 నుంచి 1960 దాకా పురావస్తు శాఖ ఆ లోయనంతా తవ్వింది. స్తూపాలనూ విహారాలనూ కొండ మీదికీ, అనుపుకూ తరలించి మళ్లీ నిలబెట్టింది. గొప్ప పని, చేతులెత్తి మొక్కాల్సిన పని. కానీ ఆ లోయలో ఊళ్లున్నాయి, పొలాలున్నాయి, చేపల రేవులున్నాయి. పురాతన శిల మీద పెట్టినంత శ్రద్ధ బతికున్న మనిషి ఊరి మీద పెట్టాలన్న ఆలోచన ఆనాడు ప్రభుత్వాలకు లేదు. ఏ కుటుంబం ఏ వాగు నీళ్లు తాగేది, ఏ గట్టున పశువులు మేపేది అన్న సంగతులు పెద్దవాళ్లతోనే పోయాయి. తవ్వకాల బృందంతోపాటు ఇద్దరు ముగ్గురు సామాజిక పరిశోధకులు కూర్చుని ఉంటే ఆ లోయ ఇవాళ మనకు ఇంకో రకంగా మిగిలి ఉండేది.

నల్లమలలో మనుషులను శ్రద్ధగా చదివినవాళ్లు లేరా అంటే ఉన్నారు. ఆస్ట్రియా నుంచి వచ్చిన మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1940లో హైదరాబాదు సంస్థానంలోని చెంచుల మధ్య బతికాడు. భార్య బెట్టీ కూడా వెంట ఉంది. 1943లో చెంచుల మీద ఆయన పుస్తకం వచ్చింది. నిజాం ప్రభుత్వం అడవిలో కొంత భాగాన్ని చెంచుల కోసం ప్రత్యేకించింది. ఒక పరిశోధకుడి మాట ఒక ప్రభుత్వం విన్న సందర్భం అది. అయితే అదంతా కృష్ణకు అవతలి ఒడ్డున. ఇవతలి ఒడ్డు మద్రాసు ప్రెసిడెన్సీ. అదే అడవి, అదే జనం. మధ్యలో ఏరు, ఏటి మధ్యలో సరిహద్దు. అవతల రాసిన జ్ఞానం ఇవతలి అధికారికి పనికొచ్చే ఏర్పాటు ఏదీ లేదు. 2014లో రాష్ట్రాలు రెండయ్యాక ఆ ఏరే మళ్లీ సరిహద్దయింది. ఒకప్పుడు 3,568 చదరపు కిలోమీటర్లుగా ఉన్న ఒకే టైగర్ రిజర్వులో అవతలి భాగం అమ్రాబాద్ రిజర్వుగా వేరుపడింది. పులి ఏరు ఈది రెండు వైపులా తిరుగుతుంది. చెంచు బంధుత్వాలూ రెండు వైపులా ఉన్నాయి. మన ఫైళ్లు మాత్రం గట్టు దాటవు.

మన గుంటూరు సీమలో పేరు రాసుకోవడానికి ఇంకో చరిత్ర ఉంది, అది చేదు చరిత్ర. 1911లో వచ్చిన నేరస్థ తెగల చట్టం మద్రాసు ప్రెసిడెన్సీకీ వర్తించింది. 1913లో ఎరుకల కుటుంబాలను స్టూవర్టుపురం సెటిల్‌మెంటులో పెట్టారు. ఆ చట్టం కింద పేరు నమోదయిందంటే పోలీసుల ముందు హాజరు వేయించుకోవాల్సిందే, ఊరు దాటాలంటే అనుమతి తీసుకోవాల్సిందే. స్వాతంత్ర్యం వచ్చాక ఆ చట్టం పోయింది. పుస్తకం పట్టుకుని ఇంటి ముందుకొచ్చిన మనిషిని చూస్తే కలిగే బెరుకు అంత తొందరగా పోదు. గూడేలకూ తండాలకూ వెళ్లే కొత్త పరిశోధకులు ఈ సంగతి తెలుసుకుని వెళ్లాలి. వాళ్లు ముభావంగా ఉన్నారు, సమాధానాలు సరిగ్గా చెప్పరు అని నివేదికలో రాసేముందు, వాళ్ల తాతలకు ఆ పుస్తకం ఏం చేసిందో ఒకసారి గుర్తు చేసుకోవాలి.

ఇప్పటి సంగతికి వద్దాం. ఒక చెంచు కుటుంబం దగ్గరికి ఎవరెవరు వస్తారో చూడండి. అటవీ శాఖ వాళ్లు వన సంరక్షణ సమితికో, ఈడీసీ అనే పర్యావరణ అభివృద్ధి కమిటీకో వివరాలు రాసుకుంటారు. శ్రీశైలంలోని గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ తరఫున ఇళ్ల సర్వే జరుగుతుంది. అటవీ హక్కుల చట్టం కింద పట్టా కోసం ఒక విచారణ. జీవవైవిధ్య రిజిస్టరుకు ఒక విచారణ. ఆరోగ్య శాఖ రక్తహీనత సర్వే. విశ్వవిద్యాలయం నుంచి పరిశోధక విద్యార్థి. స్వచ్ఛంద సంస్థ బేస్‌లైన్ సర్వే. అందరూ అడిగేది ఇంచుమించు ఒకటే: ఇంట్లో ఎంతమంది, ఏం తింటారు, అడవిలోంచి ఏం తెస్తారు, ఎంతకు అమ్ముతారు. ఒకరు రాసుకున్నది ఇంకొకరికి తెలియదు. కూలి మానుకుని కూర్చున్న ఆ ఇల్లాలికి దక్కేదేమీ లేదు. మొన్నే రాసుకెళ్లారు కదయ్యా, మళ్లీ ఎందుకు అని వాళ్లడిగే ప్రశ్నకు మన దగ్గర సమాధానం లేదు.

తేనె సంగతే తీసుకుందాం. కొండ చరియకు పట్టిన తేనె తీయడానికి చెంచు మనిషి తాడు కట్టుకుని కిందికి దిగుతాడు. పైన తాడు పట్టుకునేది ఎవరనుకున్నారు? బావమరిది. చెల్లెలి పసుపుకుంకుమల మీద అన్నకున్నంత మమకారం ఇంకెవరికీ ఉండదు కాబట్టి ఆ తాడు అతని చేతిలోనే ఉండాలి. ప్రాణం మీది నమ్మకం బంధుత్వంలో ఎలా ముడిపడి ఉందో చెప్పే ఆచారమది. గిరిజన సహకార సంస్థ లెక్కలో ఇది ఇన్ని కిలోల తేనె. అటవీ శాఖకు ఎండాకాలంలో నిప్పు భయం, జంతువుల దగ్గర మనిషి అలికిడి. ఆరోగ్య శాఖకు ప్రమాదాల ఖాతాలో ఒక కేసు. మానవశాస్త్రవేత్తకు అన్నాచెల్లెళ్ల అనుబంధం. నలుగురు చూసేదీ నిజమే. కానీ ఏ చరియకు ఏ నెలలో వెళ్లనివ్వాలి, పొగ పెట్టే పద్ధతి ఎలా మార్చాలి, వెళ్లినవాళ్లకు బీమా ఎవరు కట్టాలి అని నిర్ణయించాలంటే నాలుగు కాగితాలూ ఒక బల్ల మీదికి రావాలి. బావమరిది ఏ గూడెంలో ఉంటాడో తెలియకుండా ఒక గూడేన్ని ఇంకో చోటికి తరలిస్తే, ఆ తాడు పట్టే మనిషి అందుబాటులో లేకుండా పోతాడు. ఈ ఒక్క మాట ఏ ఉపగ్రహ చిత్రమూ చెప్పదు.

అడవిలోని జనం సంగతి తెలిసినవాళ్లను అడగడం ఎవరి దయాదాక్షిణ్యాల మీదా ఆధారపడిన సంగతి కాదు. చట్టంలోనే ఉంది. రాజస్థాన్‌లో సరిస్కా అడవిలో పులి అన్నదే లేకుండా పోయిందని తెలిశాక 2005లో కేంద్రం ఒక కార్యదళాన్ని వేసింది. సునీతా నారాయణ్ అధ్యక్షురాలు, మాధవ్ గాడ్గిల్ ఒక సభ్యుడు. పులి రక్షణకూ అడవిలోని మనుషుల బతుకుకూ ముడి ఉందని, ఆ ముడి విప్పకుండా తుపాకులూ కంచెలూ పెంచితే లాభం లేదని ఆ నివేదిక గట్టిగా చెప్పింది. 2006లో వన్యప్రాణి చట్టాన్ని సవరించి జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థను పెట్టారు. అందులో నియమించే ఎనిమిదిమంది నిపుణుల్లో కనీసం ఇద్దరు గిరిజనాభివృద్ధి రంగం వాళ్లు కావాలన్నారు. అదే సవరణలో ఇంకో ముఖ్యమైన షరతుంది. మనుషుల ఉనికి వల్ల పులి ఆవాసానికి పూడ్చలేని నష్టం జరుగుతోందని తేల్చాలంటే, అక్కడి గిరిజనుల సమ్మతి ఉండాలి. ఆ ప్రాంతం తెలిసిన పర్యావరణ శాస్త్రవేత్తనూ, ఆ ప్రాంతం తెలిసిన సమాజశాస్త్రవేత్తనూ సంప్రదించాలి.

ఆ ప్రాంతం తెలిసిన మనిషి అంటే ఎవరు? ఢిల్లీ నుంచో హైదరాబాదు నుంచో వచ్చి రెండు రోజులు గెస్ట్‌హౌసులో ఉండి వెళ్లే నిపుణుడా? నల్లమల ఒక మనిషి తెలుసుకోగలిగినంత చిన్నది కాదు. శ్రీశైలం వైపు పెంటలనే అడవి గూడేల్లో బతికే చెంచుల పరిస్థితి వేరు. వెల్దుర్తి, బొల్లాపల్లి వైపు సుగాలి తండాల పక్కన, మిర్చి చేలల్లో కూలికి వెళ్తూ బతికే చెంచుల పరిస్థితి వేరు. చట్టం అడిగిన ఆ మనిషి నిజానికి ఒక బృందం. ఒకరికి అటవీ ఉత్పత్తులు తెలిస్తే, ఒకరికి తండా పెద్దల తీర్పులు, ఇంకొకరికి కాలువ చివరి రైతు కష్టం తెలుసు. వీళ్లు ఒకరికొకరు పరిచయమై ఉండాలి. అవసరం పడ్డ రోజున పరిచయం చేసుకుంటే అది సంప్రదింపు అనిపించుకోదు, సంతకాల కార్యక్రమం అవుతుంది.

ఒక్క మంచి సంగతి చెప్పాలి. జాతీయ లెక్కల్లో ఆంధ్రప్రదేశ్ పులులు 2018లో 48, 2022లో 63. అడవిలో బేస్‌క్యాంపుల్లో ఉండి కాపలా కాసే ప్రొటెక్షన్ వాచర్లలో చెంచులున్నారు. అడుగు జాడ చూసి జంతువేదో చెప్పగల మనుషులు వాళ్లు. పులి పెరగడంలో వాళ్ల కష్టం ఉంది. ఆ కష్టానికి తగిన జీతమూ, ఉద్యోగ భద్రతా ఉన్నాయా అని అడగాల్సినవాడు కూడా ఆ సామాజిక పరిశోధకుడే. అదే శాఖలో జీతం తీసుకుంటూ ఆ ప్రశ్న ఒంటరిగా వేయడం తేలిక కాదు. వేరే శాఖల్లో తనలాంటి నలుగురి తోడుంటే ధైర్యం వస్తుంది. కలిసి పనిచేయాలని నేననడానికి ఇది కూడా ఒక బలమైన కారణం.

కలిసి చేస్తే ఏమవుతుందో చూడటానికి దూరం వెళ్లక్కర్లేదు. పక్కనున్న ప్రకాశం జిల్లా చాలు. 1995లో నెదర్లాండ్స్ సాయంతో ఏపీవెల్ అనే పథకం మొదలైంది. బోర్లు వేసి చిన్న రైతుకు నీళ్లివ్వడం దాని పని. బోరు వేస్తే సరిపోదు, నేల కింద ఎంతుందో వాడేవాళ్లకు తెలియాలి అన్న ఆలోచన అక్కడే పుట్టింది. అందులోంచి 2003లో ఇంకో పథకం వచ్చింది. రైతులే నిర్వహించుకునే భూగర్భ జల వ్యవస్థల పథకం. ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పడింది. నంద్యాలలోని బర్డ్స్ అనే స్వచ్ఛంద సంస్థ ముందుండి నడిపింది. మరికొన్ని స్వచ్ఛంద సంస్థలు చేయి కలిపాయి. అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, మహబూబ్‌నగర్, నల్లగొండ, ప్రకాశం. ఏడు కరువు జిల్లాలు, ఆరు వందలకు పైగా ఊళ్లు.

అక్కడ ఏం జరిగిందో కాస్త వివరంగా చెబుతాను. అక్కడక్కడా ఊళ్లలో వానమాపకాలు. పొద్దున్నే వాటిని చూసి రాసేది ఊరి రైతే. కొన్ని బావులు, బోర్లు ఎంచుకుని పదిహేను రోజులకోసారి నీటి మట్టం కొలిచేదీ రైతులే. బోరు పోసే నీళ్లను డ్రమ్ములోకి పట్టి, డ్రమ్ము నిండడానికి ఎన్ని సెకన్లు పట్టిందో స్టాప్‌వాచితో చూసేవాళ్లు. ఆడవాళ్లూ కొలిచారు. కొలతలు ఊరి మధ్యన బోర్డు మీద రాసేవాళ్లు. రబీకి ముందు ఊరంతా కూర్చుని లెక్క వేసుకునేవాళ్లు: ఈ ఏడు వాన ఇంత, నేలలోకి దిగింది ఇంత, వరి వేస్తే ఇంత కావాలి, శనగ వేస్తే ఇంత చాలు. ఏ పంట వేయాలో ఎవరూ చెప్పలేదు. వద్దని ఆంక్షా లేదు, వేస్తే సబ్సిడీ ఇస్తామనీ లేదు. లెక్క కళ్ల ముందుంది, నిర్ణయం రైతుది. చాలామంది తక్కువ నీటి పంటలకు మళ్లారు. 2010లో ప్రపంచ బ్యాంకు భూగర్భ జలాల మీద వేసిన నివేదిక ఈ పథకాన్ని ప్రత్యేకంగా చెప్పుకుంది. రైతులు తమంతట తాము నీటి వాడకం తగ్గించుకున్న అరుదైన ఉదాహరణగా చూపింది.

ఇది భూగర్భ జల శాస్త్రవేత్త ఒక్కడి వల్ల అయ్యేది కాదు. నేల కింది రాతి పొరలు ఆయనకు తెలుసు, ఊళ్లో ఎవరి బోరు ఎవరికి పడదో తెలియదు. ఆ తగవులు తెలిసినవాడు ఊరి కార్యకర్త. పంట లెక్క వ్యవసాయ నిపుణుడిది. కొలతలు రాయడానికి ఆడవాళ్లు ముందుకు రావాలంటే ఏ వేళ, ఏ ఇంటి అరుగు మీద కూర్చోవాలో తెలిసినవాళ్లు వేరే. సమాచారం ఎవరిదో వాళ్ల చేతిలోనే మిగలడం ఈ పథకానికి ప్రాణం. పరిశోధకుడు రాసుకుని పట్టుకుపోలేదు, కొలవడం నేర్పి పోయాడు. ఆ ఏడు జిల్లాల జాబితాలో అప్పటి గుంటూరు లేదు. కాలువలున్న జిల్లా అన్న పేరు మనకుంది. ఆ పేరు చాటున వెల్దుర్తి, బొల్లాపల్లి, దుర్గి మెట్టలు కనబడకుండా పోయాయి. రేపు వరికపూడిశెల నీళ్లు వచ్చినా బోర్లు ఉంటాయి, ఫ్లోరైడు ఉంటుంది, ఎవరి చేను ఎత్తున ఎవరి చేను పల్లాన అన్న తగవూ ఉంటుంది. నీళ్లు రాకముందే ఈ లెక్క నేర్పితే మంచిది.

బయటి దేశాల్లోనూ ఇలాంటి పని జరిగింది. ఎలినార్ ఆస్ట్రమ్ పేరు మీలో చాలామంది వినే ఉంటారు, 2009లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ అందుకున్న మొదటి మహిళ. ఊరుమ్మడి అడవులనూ, నీటినీ జనం ఎలా కాపాడుకుంటారన్నది ఆమె పరిశోధన. 1990ల మొదట్లో ఆమె అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయం నుంచి అడవుల పరిశోధకుల కూటమి ఒకటి కట్టారు. వేర్వేరు దేశాల పరిశోధకులు ఒకే రకం ప్రశ్నలతో, ఒకే రకం కొలతలతో పనిచేయాలి. కొన్నేళ్ల తర్వాత అదే అడవికి మళ్లీ వెళ్లాలి. ఒకసారి చూసి రాస్తే అది ఫోటో మాత్రమే, మళ్లీ వెళ్తే గానీ ఏం మారిందో తెలియదన్నది ఆ పద్ధతి సారం. ఇంకో పేరు రాబర్ట్ ఛాంబర్స్. ఇంగ్లండు నుంచి వచ్చి 1989 నుంచి 1991 దాకా హైదరాబాదులోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీలో ఉన్నాడు. ఊరివాళ్లే నేల మీద ముగ్గుతో, గింజలతో తమ ఊరి పటం గీసి చూపించే పద్ధతి ఆ రోజుల్లోనే మన దక్షిణాదిలో బాగా పాకింది. ఇక్కడ పెరిగిన విద్య అది. మన ఆఫీసుల్లో ఇప్పుడు ఆ ముగ్గు పటానికి ఫోటో తీసి నివేదికకు అట్టగా వేస్తున్నారు, పటం చెప్పిన మాట లోపల ఉండటం లేదు. ఇది నన్ను బాధపెట్టే విషయం.

కలిసి పనిచేయడం అంటే అన్నీ అందరికీ చెప్పేయడం అనుకోకూడదు. ఇక్కడ జాగ్రత్త కావాలి. ఏ చరియకు తేనె పడుతుందో, ఏ వాగు మొదట్లో ఏ మందు వేరు దొరుకుతుందో చెంచు పెద్ద ఒక పరిశోధకుణ్ణి నమ్మి చెబుతాడు. అది పది శాఖల కంప్యూటర్లలోకి పోతే రేపు దళారి అక్కడుంటాడు. పులి దారి వివరాలు బయటికొస్తే ఉచ్చు పెట్టేవాడు అక్కడుంటాడు. కేరళలో కాణి గిరిజనులు ఆరోగ్యపచ్చ అనే మొక్కను శాస్త్రవేత్తలకు చూపించారు. తిరువనంతపురం దగ్గరి ఉష్ణమండల వృక్షోద్యాన సంస్థ దాన్నుంచి జీవని అనే మందు తయారుచేసింది, వచ్చిన ఫీజులో, రాయల్టీలో సగం కాణివాళ్ల ట్రస్టుకు ఇచ్చేలా ఒప్పందం చేసుకుంది. దాని మీద వాదోపవాదాలు నడిచాయి గానీ, అడవిబిడ్డ జ్ఞానానికి హక్కుదారు ఉన్నాడని ఒప్పుకున్న తొలి ఒప్పందాల్లో అదొకటి. కాబట్టి పరిశోధకులు కలిసి కూర్చున్నప్పుడు తేల్చుకోవాల్సిన మొదటి సంగతి, ఏది పంచుకోవచ్చు, ఏది చెప్పినవాడి అనుమతి లేకుండా గడప దాటకూడదు అన్నది.

పల్నాడులో ఇది చేయడానికి ఇప్పుడు వీలుంది. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా అయింది. ఇదివరకు గుంటూరు దాకా పోవాల్సిన ఫైలు ఇప్పుడు నరసరావుపేటలో తేలుతుంది. శాఖల జిల్లా కార్యాలయాలు చాలావరకు ఒకే ఊళ్లో ఉన్నాయి. మూడు నెలలకోసారి ఒక పూట ఈ శాఖల్లో జనం సంగతి చూసేవాళ్లందరూ ఒకచోట కూర్చోవచ్చు. దానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. రాబోయే సీజనులో ఎవరు ఏ ఊరికి సర్వేకు వెళ్తున్నారో ఒక కాగితం మీద రాసుకుంటే చాలు, ఒకే గూడేనికి నలుగురు విడివిడిగా వెళ్లే బదులు కలిసి ఒకేసారి వెళ్లవచ్చు. మిర్చి కోతల నెలల్లో ఏ సర్వే పెట్టకూడదని తీర్మానించుకోవచ్చు. ఆ రోజుల్లో ఇంటి దగ్గర దొరికేది ముసలివాళ్లూ పసిపిల్లలే. తండాకు వెళ్తే సుగాలీల భాష తెలిసిన మనిషి వెంట ఉండాలి. అందుకు మాచర్ల, వినుకొండ, నరసరావుపేట కళాశాలల్లో చదివే తండా పిల్లలే ఉన్నారు. నాగార్జున విశ్వవిద్యాలయంలో సమాజశాస్త్రం చదివే విద్యార్థి ఎక్కడో దూరపు అంశం తీసుకునే బదులు, పాత సర్వేల్లో ఏముందో వెతికి ఒకచోట చేర్చినా అదే పెద్ద సేవ. కొత్తగా అడగడం కన్నా అడిగినదాన్ని చదవడం ఇప్పుడు మనకు ఎక్కువ అవసరం.

అధికారులకు ఒక విన్నపం. సామాజిక పరిశోధకుణ్ణి అనుమతుల కాగితం నింపడానికి మాత్రమే పిలవకండి. గొట్టం దారి గీయకముందు పిలవండి. గీత గీసేశాక మనుషుల అభిప్రాయం అడిగితే వాళ్లు చెప్పగలిగింది అవుననో కాదనో మాత్రమే. గీయకముందు అడిగితే ఇటు కాస్త జరపండి, ఆ చలమ వదిలేయండి అని చెబుతారు. రెండింటికీ చాలా తేడా ఉంది.

ఇక ఊళ్లలో ఉన్న శ్రోతలకు. ఈసారి మీ ఇంటికి ఎవరైనా ఫారం పట్టుకుని వస్తే కసురుకోకండి. కూర్చోబెట్టండి. మంచినీళ్లివ్వండి. కానీ వాళ్లు ఏ శాఖ తరఫున వచ్చారో, మీరు చెప్పింది ఎక్కడికి వెళ్తుందో అడగండి. ఇష్టం లేని ప్రశ్నకు సమాధానం చెప్పకుండా ఉండే హక్కు మీకుంది. సర్వే అయ్యాక నివేదిక ప్రతి ఒకటి పంచాయతీకి ఇవ్వమనండి. గ్రామసభలో తెలుగులో చదివి వినిపించమనండి. తప్పుంటే అక్కడే దిద్దించండి. అడిగినా ఇవ్వకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద తెల్ల కాగితం మీద దరఖాస్తు రాయండి. మన రాష్ట్రంలో గ్రామస్థాయి కార్యాలయంలో ఆ దరఖాస్తుకు రుసుము లేదు. మండల స్థాయిలో అయిదు రూపాయలు, ఆపైన పది రూపాయలు. ముప్పై రోజుల్లో జవాబు రావాలి.